ఇంకొకరి కోసమనుకున్న ప్రార్థన

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక, మా సంఘంలో యూత్ మీటింగులు నడిపే అమ్మాయి నా దగ్గరికొచ్చి, "అంకుల్, పెండ్లి గాకుండ ఇన్నేండ్లు పవిత్రంగ ఎట్లున్నరో మావోళ్లకు జెర చెప్పున్రి" అని అడిగింది. వచ్చేవారం చూద్దామని తప్పించుకుని, పటేల్‌గూడలో నా గదికి వచ్చేశాను.

మన తరంవాళ్లకు తెలియనిది కాదు, అప్పట్లో మందిరంలో మగవాళ్లొక వైపు, ఆడవాళ్లొక వైపు. పెళ్లికానివాళ్లు ఒంటరిగా మాట్లాడుకుంటే అదే శోధన, పాపంలోకి లాగే ఉచ్చు అనేవారు. నేను పటాన్‌చెరు ఫ్యాక్టరీల వార్తలు పత్రికకు పంపుతూ తిరిగే రోజుల్లో, మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తూ ఆదివారాలు సండేస్కూల్ చెప్పే ఒకామె నా మనసులో పడి రెండేళ్లయినా, దేవుడు సూచన ఇచ్చేదాకా పెదవి విప్పకూడదని నాకు నేనే కట్టడి పెట్టుకున్నాను. సమ్మె జరిగితే మేనేజర్‌ను గేటు దగ్గరే నిలదీసేవాణ్ణి, ఆమె "వందనాలన్నా" అంటే మాత్రం తలొంచుకుని వెళ్లిపోయేవాణ్ణి.

శుక్రవారం ఉపవాస ప్రార్థనలో మాకొక పద్ధతి ఉండేది. ఎవరి బాధ వాళ్లు పేరు లేకుండా చీటీ మీద రాసిస్తే పాస్టరమ్మ వాటిని పంచేది. ఎవరిదని ఆరా తీయకుండా, చేతికొచ్చిన చీటీ కోసం నెలంతా ప్రార్థించాలి. ఒక శుక్రవారం నాకొచ్చిన చీటీలోవి, సండేస్కూల్ బోర్డు మీద వారం వారం చూసే ఆమె అక్షరాలే. జహీరాబాద్ నుంచి సంబంధం వచ్చిందనీ, తన మనసులో ఉన్న మన సంఘ సహోదరుడు ఈ నెలలోపు నోరు తెరవకపోతే ఇంట్లోవాళ్లకు సరేనంటాననీ, ఆయన మాట్లాడేటట్టు దేవుణ్ణి అడగమనీ ఉంది.

అది నేనేనేమో అన్న ఆలోచన రాకపోలేదు. కానీ అలా ఆశపడటం, రహస్యంగా చదివినదాన్ని నా కోరికకు వాడుకోవడం, రెండూ పాపమని భయపడ్డాను. మందిరంలో పాటలకు కీబోర్డు వాయించే అతనే అయ్యుంటాడని తేల్చుకుని, అన్నం సయించక, మోకాళ్లు కమిలిపోయేలా, అతని నోరు తెరవమని నెలంతా ఏడ్చి ప్రార్థించాను. ప్రతి శుక్రవారం ఆమె గేటు దగ్గర చెప్పుల బెల్టు పెట్టుకుంటూ ఎంతసేపో ఆగేది, నేను పక్కనుంచే పోయి లక్డారం ఆటో ఎక్కేవాణ్ణి. చివరి శుక్రవారం ఆమె ఆగలేదు.

ఆమె పెళ్లి భోజనాల్లో పాస్టరమ్మ నాకు బిర్యానీ వడ్డిస్తూ గరిటె ఆపేసింది.

"ఏంది నాయనా, పేపరుకు రాస్తవ్, గా చీటీ సదువరాలేదా? ఏరి ఏరి నీ చేతిల పెట్టింది నేనే గదా!"

"నేను నిజంగనే ప్రార్థన చేసిన అమ్మా."

"ప్రార్థన మేం గూడ జేసినం. నోరు తెరుసుడు నీ వంతుండె" అని, కొంగుతో కళ్లొత్తుకుని పక్క వరుసకు వెళ్లిపోయింది.

ఇప్పుడు చీటీలు లేవు. ప్రార్థన అంశాలు పేర్లతో సహా ఫోన్ గ్రూపులో వస్తాయి. ఆరాధన అయ్యాక పిల్లలు టీ కప్పులు పట్టుకుని ఒకరినొకరు సూటిగా చూస్తూ మాట్లాడుకుంటారు. ముందు మీరిద్దరూ మాట్లాడుకుని రండని పాస్టరే చెబుతాడు. వాళ్లలో పవిత్రత తగ్గిందని నేననలేను. మేము పవిత్రత అనుకున్నదాంట్లో విశ్వాసం ఎంతో, పిరికితనం ఎంతో ఈ వయసులోనూ విడదీయలేకపోతున్నాను. ఎవరికోసమైనా సరే గంటసేపు మోకరించగలను. నా కోసమని మొదలుపెడితే మాత్రం ఈనాటికీ మాట పెగలదు.