పెనాంగ్‌లో నేను బాగుచేసిన బల్ల

రెండు నెలల కిందట పెనాంగ్‌లో ఒక పెద్దావిడ ఒళ్ళో పొడుగాటి చేపను పడేసి వచ్చాను. సారీ చెప్పాననుకోండి. కానీ నిజం చెప్పమంటే, ఇప్పటికీ కాస్త గర్వంగానే ఉంది. ముందు వినండి, తర్వాత తిట్టండి!

సింగానల్లూరులో నాకూ మా నైనాకూ కలిపి ఒక చిన్న వర్క్‌షాపు. ఇడ్లీ పిండి రుబ్బే టేబుల్ టాప్ గ్రైండర్లు చేస్తాం. ఇంజనీరింగ్ అవగానే, "ఉద్యోగం వద్దు నైనా, మన గ్రైండరును ఓడ ఎక్కిస్తాను" అన్నాను. అలా దొరికిన మొదటి ఫారిన్ పార్టీ పెనాంగ్‌లో వంటసామాన్ల షాపు నడిపే లిమ్ గారు. చైనీయుడే, కానీ తమిళుల వీధిలో పెరిగాడు. నాకన్నా వేగంగా తమిళం మాట్లాడతాడు. నైనా, నేను గ్రైండరుతో వెళ్ళాం. పొద్దున ఆయన షాపులో డెమో బ్రహ్మాండంగా జరిగింది. "సాయంత్రం అమ్మతో కలిసి భోంచేద్దాం. షాపు అమ్మది. ఆమె సరే అంటేనే ఆర్డరు" అన్నాడు.

రేవు పక్కనే రెస్టారెంటు. ఒక టేబుల్ దగ్గర మలాయ్ కుటుంబం, ఇంకోదాని దగ్గర చైనీయుల పెళ్ళిబృందం, మా వెనకాల ఎవరిదో తమిళంలో "ఇంకాస్త సోరు!" అని అన్నం కోసం కేక. మా టేబుల్ గుండ్రం. దాని మధ్యలో ఇంకో గుండ్రటి పలక. వంటకాలన్నీ దానిమీద పెడతారు. మనం తిప్పుకుని కావలసింది వడ్డించుకోవాలి. నైనా సరదాగా తిప్పి చూశారు.

కీచ్!

ఆ శబ్దం మీకు ఎలా ఉంటుందో గానీ, గ్రైండర్ల మధ్య పెరిగినదాన్ని, నాకు పసిబిడ్డ ఏడుస్తున్నట్టు ఉంటుంది. ఎత్తుకోకుండా ఉండలేను.

"చుట్టుకి నాలుగు కీచులు నైనా. బేరింగ్‌లో నాలుగు గుండ్లు ఎండిపోయినాయి."

"సుమ్మా ఊరికే ఉండు అమ్మణీ. మనం వచ్చినది తినేదానికి."

లిమ్ గారూ వాళ్ళమ్మా చేపను ఎంచుకోవడానికి నీళ్ళతొట్టె దగ్గరికి వెళ్ళారు. డెమోకి తెచ్చిన గ్రీజు ట్యూబు నా బ్యాగులోనే ఉంది. ఇంకేం కావాలి?

"పలక ఎత్తి పట్టుకోండి నైనా."

"ఎవరన్నా చూస్తే?"

"మెచ్చుకుంటారు!"

పాపం, తిడుతూనే పట్టుకున్నారు. తిడుతూనే, "ఆ పక్క ఇంకొంచెం పుయ్యి అమ్మణీ" అని సలహా కూడా! తుప్పు గీకి, గ్రీజు పూసి, పలక పెట్టి చిటికెనవేలితో తాకాను. తిరిగింది. తిరుగుతూనే ఉంది. చప్పుడన్నదే లేదు! నాకు నేనే చప్పట్లు కొట్టుకోవాలనిపించింది.

వంటకాలు వచ్చాయి. రొయ్యలు, ఆకుకూర, ఇంత పొడుగు పళ్ళెంలో అల్లం వేసి ఆవిరిమీద ఉడికించిన చేప. పళ్ళెం పలకకన్నా పొడుగు. తల అటు, తోక ఇటు బయటికి వచ్చేశాయి. కబుర్లలో అన్నీ కాస్త చల్లారాయి. లిమ్ గారి అమ్మ, అదే ఆంటీ, నాకు టీ పోసి నవ్వింది. నేను మనసులో కంటైనరుకి ఎన్ని పెట్టెలు, ఎన్ని వరసలు అని గుణించేస్తున్నాను.

అప్పుడు ఆంటీ చేప కోసం పలకను తోసింది. ఎన్నో ఏళ్ళుగా ఆ మొండి పలకను ఎలా తోస్తోందో అలాగే, భుజం బలమంతా పెట్టి తోసింది.

అమ్మో! పలక కాస్తా ఫ్యానయిపోయింది! పళ్ళెం కొస తగిలి టీ కప్పులు వరసగా పడ్డాయి. రొయ్యలు లేచాయి. ఒకటి లిమ్ గారి చొక్కా జేబులో దిగింది. "పట్టుకోండి నైనా!" అని అరిచాను. నైనా రెండు చేతులతో పళ్ళేన్ని పట్టేశారు.

పళ్ళెం ఆగింది. చేప ఆగలేదు.

అది ఆంటీ తెల్ల సిల్కు జాకెట్టు మీదుగా జారి ఆవిడ ఒళ్ళో కూర్చుంది.

పెళ్ళిబృందమంతా కుర్చీల్లోంచి లేచి మావైపు చూసింది. నా కళ్ళముందు కంటైనరు ఖాళీ అయిపోయింది.

ఆంటీ చేపను మెల్లగా తీసి పళ్ళెంలో పెట్టింది. తర్వాత పలకను ఒక్క వేలితో తాకింది. తిరిగింది. వాళ్ళ భాషలో ఏదో అడిగింది. లిమ్ గారు జేబులోంచి రొయ్య తీస్తూ చెప్పాడు: "దీన్ని ఎవరు బాగుచేశారు అంటోంది."

నైనా నావైపు చూశారు. గ్రీజు వేళ్ళు దాచుకోబోయాను. కానీ మంచి పని చేసి దాచుకోవడమేమిటి? చెయ్యెత్తాను.

"నేనే ఆంటీ!"

ఆవిడ పకపకా నవ్వింది. ఆ తర్వాత ఆవిడ అడగడం, లిమ్ గారు తమిళంలో చెప్పడం.

"ఇక్కడ తిన్నప్పుడల్లా నాకు భుజం నొప్పే. నీ గ్రైండరు కూడా ఇలాగే తిరుగుతుందా?"

"ఇంతకన్నా బాగా!"

"స్విచ్చి కట్టేస్తే వెంటనే ఆగుతుందా?"

తల అడ్డంగా ఊపాను. కట్టేశాక కూడా మా డ్రమ్ము తాపీగా నాలుగు చుట్లు తిరిగిగానీ ఆగదు. తిరగడానికి ఎన్ని లెక్కలు వేశానో! ఆగడానికి ఒక్కటీ వేయలేదు.

"ఆగేలా చేసి పంపు. తీసుకుంటాం" అంది ఆంటీ, ఒళ్ళోంచి అల్లం ముక్కలు ఏరుకుంటూ.

చేశాను! బ్రేకుతో సహా మొదటి పెట్టెలు పోయిన వారమే ఓడ ఎక్కాయి. ఇక్కడ అమ్మే గ్రైండర్లకీ అదే బ్రేకు పెట్టేశాను. మొన్న అన్నూరు నుంచి వచ్చిన ఒక కస్టమరు స్విచ్చి కట్టేశాడు, డ్రమ్ము టక్కున ఆగింది. "భలే ఉందే! ఎక్కడి టెక్నాలజీ ఇది?" అన్నాడు.

తలెత్తి చెప్పాను: "ఫారిన్‌లో టెస్ట్ చేసినాము సార్."

వెనకాల స్క్రూలు బిగిస్తున్న నైనా తలెత్తకుండానే అవునన్నారు: "ఆమాంగ, ఒక చేప మీద!"