పెళ్లి పందిట్లో జపాను పిట్టలు

అచ్చులో ఉన్నదంతా నిజమని, చదివినదంతా ఎక్కడో ఒకచోట పనికొచ్చి తీరుతుందని నమ్మే వయసు ఒకటి ఉంటుంది. నాకది పంతొమ్మిదో ఏట వచ్చి, వచ్చినంత సులువుగా పోలేదు. ఆ రోజుల్లో మేము చోడవరం నుంచి రావికమతం వెళ్లే దారిలో ఒక ఊళ్లో ఉండేవాళ్లం. పదో తరగతితో నాకూ బడికీ చెల్లిపోయింది. (బడే నన్ను వదిలేసిందని మా నాన్న అనేవాడు. నేనే బడిని వదిలేశానని నేను అనేవాణ్ని.) పగలంతా చెరకుతోటలో పని, పొద్దు వాలగానే సైకిలెక్కి చోడవరం లైబ్రరీ. అక్కడ ఫ్యాను గాలి తగిలే కుర్చీ చూసుకుని తేనెటీగల పెంపకం, ఓడల కథలు, ఇంటివైద్యం, మంచుదేశాల జంతువులు, ఏది చేతికందితే అది చదివేవాణ్ని. చదివినదంతా ఇంటికి తెచ్చి భోజనాల దగ్గర వడ్డించేవాణ్ని. "తెల్ల ఎలుగుబంటికి బొచ్చు కింద తోలు నలుపంట నాన్నా" అని నేనంటే, మా నాన్న నోటి దాకా వెళ్లిన ముద్ద ఆపి, "అయితే ఇప్పుడు మనం ఏటి చెయ్యాలంటావు?" అని అడిగేవాడు. ఆ ప్రశ్నకు జవాబు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఇంట్లో నా అసలు పేరు ఎప్పుడో పోయి, 'లైబ్రరీ' అన్న పేరు మిగిలింది.

నా మాటలు చివరిదాకా వినే మనిషి ఒక్కతే ఉండేది, మా అక్క. చింతపండు పిక్కలు తీస్తూనో, బియ్యంలో రాళ్లు ఏరుతూనో అన్నీ వినేది. ఆ ఏడు మాఘమాసంలో అక్కకు సంబంధం కుదిరింది. అబ్బాయిది చీడికాడ వైపు, కొండకింద ఊరు. పెళ్లిచూపులకు వచ్చినవాడు కుర్చీలో తలొంచుకుని కూర్చున్నాడు, కాఫీ తాగాడు, వెళ్లిపోయాడు. మనిషి బాగా పొడుగు, మెడ కూడా కాస్త పొడుగే. అది అందరం చూశాం, చూసి ఊరుకున్నాం. వైశాఖంలో ముహూర్తం పెట్టారు. ఆ రాత్రి నుంచి అక్కకు ఒకటే బెంగ.

"ఒక్క మాటన్నా మాటాడలేదురా ఆయన. కోపిష్టి మనిషో, నెమ్మదైనోడో ఎలా తెలుస్తాది?"

"చెవులు పెద్దవి కదక్కా. అలాంటోళ్లది శాంతస్వభావమని ముఖలక్షణాల పుస్తకంలో ఉంది."

"సాల్లే. ఎనుబోతుకీ పెద్ద సెవులే ఉంటాయి. అది మొన్న నాన్నని ఎలా తోసీసిందో సూసేవు కదా!" అని నవ్వి, మళ్లీ దిగులుగా, "ఏ గొడవా లేకండా ఆ పెళ్లొకటి అయిపోతే సాలురా. మొదటిరోజే మాటలొచ్చేయంటే ఇక బతుకంతా ఎత్తిపొడుపులే" అంది.

సరిగ్గా ఆ వారమే లైబ్రరీలో నాకు అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటి దొరికింది. కాగితాన్ని కత్తిరించకుండా, జిగురు పెట్టకుండా, ఒట్టి మడతలతోనే జపాను వాళ్లు రకరకాల బొమ్మలు చేస్తారట. అందులో పొడుగు మెడ కొంగ ఒకటి ఉంది. అది దీర్ఘాయుష్షుకు గుర్తని, పెళ్లిళ్లకు మహా శుభమని బొమ్మ కింద రాశారు. ఇంకేముంది, అనకాపల్లి నుంచి డెకరేషన్ వాళ్లను మాట్లాడతానని బయల్దేరిన మా చినమావను వీధి గుమ్మంలోనే ఆపేశాను. "పందిరి పని నాకొదిలెయ్, మావా. ఈ జిల్లాలో ఇంతవరకు ఎవరూ చూడని పందిరి వేస్తాను" అన్నాను. (ఈ మాట మాత్రం అక్షరాలా నిజమైంది.)

ఆ వసంతమంతా మా ఇంట్లో పండగలు ఒక పక్కన, కాగితం మడతలు ఒక పక్కన నడిచాయి. ఉగాది ముందురోజు, కొత్తమావాస్య నాడు అందరూ గారెలు తింటుంటే నేను మొదటి కొంగను పూర్తి చేసి పళ్లెంలో పెట్టాను. మా అమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, "కప్పని ఇంత కట్టపడి సెయ్యాలేట్రా?" అంది. ఉగాది పొద్దున పచ్చట్లోకి మామిడికాయ తరగమంటే, పులుపంటిన చేతులతో కాగితం ముట్టుకోకూడదని వాదించి తిట్లు తిన్నాను. శ్రీరామనవమికి రంగుకాగితాల కొంగలతో రామాలయం పందిట్లో నమూనా కట్టాను. ఆ సాయంత్రం వాన పడి, రంగు కారి, కింద పానకం తాగుతున్న మా చినమావ తెల్లచొక్కా పనికిరాకుండా పోయింది. అందుకే పెళ్లికి తెల్లకాగితం కొంగలే అని తీర్మానించుకున్నాను. అప్పటికి ఇంట్లో వాళ్లందరికీ మడతలు పట్టుబడ్డాయి. అందరికన్నా బాగా చేసేది చూపు సరిగా ఆనని మా నాయనమ్మ. వేలికొసలతో తడుముకుంటూనే ముక్కు దగ్గర అంత సన్నగా వంచేది.

"ఒరే, ఇది ఏ పిట్టరా?" అని ఒకనాడు అడిగింది.

"కొంగ."

"పెల్లికి సిలకలు కడతారు గానీ కొంగలు కడతారేట్రా?"

"చిలకలు ఊరూరా కడతారు నాయనమ్మా. ఇది జపాను వాళ్లది."

"ఆలకి సిలకల్లేవేటి పాపం" అని జాలిపడి, ఆవిడ ఇంకో కాగితం అందుకుంది.

పెళ్లిరోజు పొద్దున్నే పందిరి సిద్ధమైంది. కొబ్బరాకుల కింద, వరసలు వరసలుగా తెల్లకొంగలు. వాటన్నిటినీ ఒకే పొడుగాటి దారానికి కట్టాను. గాలి వీస్తే మెడలు నెమ్మదిగా ఊగుతున్నాయి. నేను వీధి అరుగు మీద చేతులు కట్టుకుని నిలబడి, ఎవరైనా ఇవేమిటని అడుగుతారేమో, అడిగితే ఎక్కడినుంచి మొదలుపెట్టాలో ఆలోచించుకుంటున్నాను. ఇంతలో బ్యాండు మోత వినపడింది. మగపెళ్లివారి వ్యాను వచ్చి పందిరి ముందు ఆగింది.

ముందుగా పిల్లలు దూకారు. పైకి చూశారు. ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత వ్యానులో కూర్చున్న పెళ్లికొడుకును చూశారు. "కొంగలురోయ్! అన్నీ కొంగలే!" అని ఒకడు అరిచాడు. మిగతావాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వడం మొదలెట్టారు. వెనక దిగిన ఆడవాళ్లు పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పెళ్లికొడుకు పెదనాన్న దిగాడు. గుబురు మీసాలు, భుజాన కండువా ఉన్న మనిషి. పందిరంతా కలయజూసి కండువా తీసి గట్టిగా విదిలించాడు. బ్యాండు ఆగిపోయింది.

"ఏటి బావగారూ, ఈ ఏలాకోలం?" అన్నాడు మా నాన్నతో.

"ఏలాకోలమేటండి?" మా నాన్నకు నిజంగానే అర్థం కాలేదు.

"మావోడు కూసింత పొడుగని సిన్నప్పట్నుంచీ ఊల్లో కొంగ, కొంగ అని ఏడిపిత్తారు. ఆ సంగతి మీకెవులు సెప్పేరు? సెప్పేరే అనుకుందాం, పిల్లనిచ్చే ఇంటికాడ పందిరికి కట్టి ఏలాడదీత్తారా? ఇది ఎవుడు కట్టేడో తేలాల. తేలేదాకా మావోడు బండి దిగడు."

మా అమ్మ హారతిపళ్లెంతో రెండడుగులు వెనక్కి వేసింది. వీధివైపు కిటికీ ఊచల వెనక బొట్టు, బాసికం, పూలజడతో మా అక్క నిలబడి ఉంది. నాకు ఆమె ముఖమే కనిపించింది. ఏ మాటలకైతే మాఘం నుంచి భయపడుతూ వచ్చిందో ఆ మాటలు గుమ్మంలోకే వచ్చేశాయి. అందరూ నావైపు తిరిగారు. "ఏట్రా లైబ్రరీ ఇది?" అన్నాడు నాన్న. ఇంగితం ఉన్నవాడైతే వెళ్లి ఆ పెద్దాయన కాళ్లు పట్టుకునేవాడు. నాకు ఇంగితం లేదు, విజ్ఞానం ఉంది. గొంతు సవరించుకున్నాను.

"అయ్యా, ఇవి మన పొలాల్లో తిరిగే కొంగలు కావు. జపాను దేశంలో ఈ పక్షి దీర్ఘాయుష్షుకు గుర్తు. బతికినంతకాలం ఒకే జంటతో ఉంటుంది. కాబట్టి అక్కడి పెళ్లిళ్లలో..."

"జపానేట్రా మధ్యన!" పెద్దాయన మీసాలు లేచాయి. "కట్టింది సాలక సదివి వినిపిత్తన్నాడు, సూడండి!"

"పీకెయ్ రా, ముందు పీకీసెయ్!" అని చినమావ కేక వేశాడు. నేను బల్లెక్కి, చేతికందిన దారాన్ని బలంకొద్దీ లాగాను. అది ఒకే దారమన్న సంగతి కంగారులో మరిచాను. దారం తెగలేదు. పందిట్లో ఉన్న కొంగలన్నీ ఒక్కసారి మెడలు వంచి, వ్యానువైపు తిరిగి, వినయంగా నమస్కారం పెట్టాయి. నేను ఎంత లాగితే అవి అంత దండాలు పెట్టాయి. పిల్లలు నేలమీద దొర్లారు. పెద్దాయన ముఖం కందిపోయింది.

అప్పుడు వ్యాను తలుపు తెరుచుకుంది. పెళ్లికొడుకు మెడ వంచుకుని దిగి, పూర్తిగా నిలబడ్డాడు. తలపాగా వెళ్లి కొంగలకు తగిలింది. ఆయన ఒకదాన్ని రెండు వేళ్లతో పట్టుకుని ముక్కు, రెక్క, తోక శ్రద్ధగా పరిశీలించాడు.

"ఏ దేశమన్నావు?" అని నన్ను అడిగాడు.

"జ... జపానండి."

ఆయన పెదనాన్నవైపు తిరిగాడు. "సూసేవా పెదనాన్నా! నా పేరు సీడికాడ సెంటరు దాటలేదనుకుంతన్నాను ఇన్నాల్లూ. జపాను దాకా ఎలిపోయింది!"

ముందు ఆ గుబురు మీసాలు కదిలాయి. తర్వాత భుజాలు కదిలాయి. ఆ పెద్దాయన ఆపుకోలేక పకపకా నవ్వి, కండువాతో కళ్లు ఒత్తుకుని, "ఓర్నీ అఘాయిత్యం కూలా!" అని మా నాన్న వీపు మీద చరిచాడు. ఆ నవ్వుల్లో అందరికన్నా గట్టిగా వినపడింది కిటికీ వెనక నుంచి వచ్చిన నవ్వు. "ఒసే, పెల్లికూతురు అలా నవ్వకూడదే!" అని మా అమ్మ గాభరాపడింది. పెళ్లికొడుకు ఆ నవ్వు వినపడిన కిటికీవైపు చూశాడు. అక్క గొంతు ఆయన వినడం అదే మొదలు. చూసి, మళ్లీ తలొంచుకున్నాడు గానీ, తల వంచినా ఆయన నవ్వు దాగలేదు.

ముహూర్తం వేళకే పెళ్లైపోయింది. కొంగలు పైన అలాగే ఉన్నాయి. వాటిని తీయమని ఎవరూ అనలేదు. అప్పగింతల వేళ అక్కను ఓదార్చడానికి నేను ముందే తయారై ఉన్నాను. వేరువేరు పుస్తకాల నుంచి మంచి మాటలు ఏరి, కలిపి, పెరట్లో దూడకు రెండుసార్లు అప్పజెప్పి మరీ సాధన చేశాను. తీరా చూస్తే అక్క ఏడవలేదు. వ్యాను కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని, "ఒరే లైబ్రరీ, మంచోడేరా" అంది, ఒక్క నాకే వినపడేలా. అంతే, సాధన చేసిన మాటలన్నీ మరిచిపోయాను. బండి కదిలే సమయానికి అందరిలోకీ పెద్దగా వెక్కుతున్నది నేనే. మా అమ్మ తన ఏడుపు మానేసి, "ఊరుకోరా గుంటడా, ఊరుకో. అత్తోరింటికి ఎల్లింది అదేటి, నువ్వేటి?" అని నన్ను సముదాయించవలసి వచ్చింది. బావ పొడుగు మెడ బయటికి పెట్టి, "ఆదోరం ఆటో ఎక్కీసి వచ్చీరా, బామ్మర్దీ. మీ యక్క ఆడే ఉంటాది!" అని అరిచాడు.

వ్యాను మలుపు తిరిగి కనపడకుండా పోయాక, కట్టుకున్న మాటలన్నీ ఒక్కటొక్కటిగా గుర్తుకొచ్చాయి. వృథాగా పోవడం ఇష్టంలేక కాబోలు, రోడ్డు పక్కన మోకాలెత్తు చెరకుకు వాటిని పూర్తిగా వినిపించాను. అప్పటినుంచి చాలా లైబ్రరీల్లో చాలా కుర్చీలు అరగదీశాను. చదివినదాంట్లో సగం మరిచిపోయాను. ఇప్పటికీ ఆ దారిలో వెళ్తుంటే, కళ్లు తుడుచుకుంటూ చెరకుతోటకు ధైర్యం చెబుతున్న ఆ కుర్రాడు అక్కడే నిలబడి ఉన్నట్టుంటుంది. బండి ఆపి పలకరించాలనిపిస్తుంది. పలకరిస్తే, పుస్తకాల గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడను. జేబులోంచి రుమాలు తీసి ఇస్తాను.