ఖమ్రున్నీసా గుడ్డసంచి

జమ్మలమడుగు అంగన్‌వాడీలో ఆదినారాయణ నోరు మూతపడిన పూట శ్యామలమ్మ అక్కడే ఉంది. ఆ నోరు సొంత తమ్ముడిదే అయినా ఆమెకు కడుపు నిండినట్టయింది.

అతను మనవరాలు వర్షిత రెక్క పట్టుకుని, ఆ పిల్ల మట్టిచేతులు చూపిస్తూ వచ్చాడు.

"ఏం టీచరమ్మా, బిడ్డను సదువుకు పంపితే బురద పిసికిస్తాండావే! రేపట్నుంచి కాన్వెంటుకు పంపుతా. ఆడ టై కట్టి ఏబీసీడీలు చెప్తారు."

ఖమ్రున్నీసా నవ్వి, చేతిలోని గుడ్డసంచి అతని ముందుకు చాపింది. "పంపుదువులే మామా. ముందు కండ్లు మూసుకోని ఇందులో చెయ్యి పెట్టు. ఏం గింజలో చెప్పు."

"నలభై ఏండ్ల సేద్యం నాది. నాకే పరీక్షా?" అని మీసం దువ్వి చెయ్యి పెట్టాడు. "పెసలు."

"వర్షితా, నువ్వు చెప్పు తల్లీ."

నాలుగేళ్ల వర్షిత కళ్లు గట్టిగా మూసుకుని, ఒక గింజను బొటనవేలి కింద దొర్లించింది. "దీనికి పొట్ట మీద గీత తగల్తాంది తాతా. మినుములు."

సంచి బోర్లిస్తే నల్లగా మినుములే రాలాయి. ఇరవై ఏళ్లుగా శనగ తప్ప ఇంకోటి విత్తని చేతులకు మినుములెట్లా గుర్తుంటాయి? పిల్లలు ఒకటే చప్పట్లు. శ్యామలమ్మ ఊరుకుంటేనా!

"నువ్వు గూడా ఈడనే చేరరా అబ్బీ. నీకో గుడ్డు ఎక్కువ పెట్టిస్తా."

ఖమ్రున్నీసా తీరే అంత. చదువు పదో తరగతితో ఆగింది, మొగుడు కువైట్‌లో డ్రైవరు. ప్రొద్దుటూరులో అన్న వలి బాషా దర్జీ అంగడి నుంచి పీలికలు మూటగట్టి తెచ్చి, నున్నవీ గరుకువీ పిల్లల చేత వేరు చేయిస్తుంది. నేల మీది నాపబండే ఆమెకు నల్లబల్ల. వేళ్లకు పట్టు చిక్కేదాకా ఎవరికీ బలపం ఇవ్వదు. పలక పట్టని బడి ఏం బడి అని మొదట్లో ఈసడించింది శ్యామలమ్మే. సంతకం తప్ప ఇంకేమీ రాని మనిషికి అక్షరాల మీద మోజు ఉండదా? ఇప్పుడు మాత్రం రోజూ ఎదురింటి నుంచి వచ్చి పిల్లలతో కూర్చుని మట్టిపాములు చేస్తుంది. అందరి పాముల కన్నా తన పామే పొడుగుండాలి.

మరునాటి నుంచి వర్షిత రాలేదు. మినుముల కథ శ్యామలమ్మ వీధంతా చెప్పేసింది. అరుగు మీద మగవాళ్లు "ఏమప్పా, ఇవి పెసలేనా?" అని శనగలు చూపించి అడుగుతుంటే ఆదినారాయణ తల ఎత్తలేకపోయాడు. పిల్లేమో ఇంట్లో అన్నం ముందు కూర్చుని, మెతుకులు కంచం అంచున వరసగా పేర్చి, బడికి పోతానని ఒకటే ఏడుపు.

నాలుగో రోజు ఖమ్రున్నీసా నాపబండ మీద సుద్దతో పులిజూదం గీసింది.

"మామను గెలిచి ఏం జేసుకుందు పెద్దమ్మా, బిడ్డ పాయె. ఈ ఆట నాకు రాదు, పిల్లోళ్లకు నువ్వే నేర్పించాల మామా అని ఇంటికి పోయి అడిగినా. రేపు వర్షితను తోడుకోని వస్తానన్యాడు. పులులు ఆయప్పకిస్తా. నువ్వు మేకలు పట్టు."

"వాడితోనా! పుట్టినప్పట్నుంచి నా మీద ఒక్క ఆట గెలిచినోడు కాదు వాడు."

"తెలుసు పెద్దమ్మా." మేకలకని తెచ్చిన చింతగింజలు ఖమ్రున్నీసా ఆమె ఒళ్లో పోసింది. "రేపు పిల్లోళ్ల ముందర ఒక్క ఆట ఓడిపో."