అట్ట మీద లేని రహ్మూనా

వహ్రాన్ రేవు పట్నంలో మా హమ్రీ పేట ఆడవాళ్ళు కూతురి పెళ్ళి రోజు ఖాయం చేసుకునే ముందు, ఆ రోజు రహ్మూనా అక్కకు వీలవుతుందో లేదో కనుక్కునేవాళ్ళు. "ఒక ఇమాము దొరక్కపోతే ఇంకో ఇమామొస్తాడు. రహ్మూనా దొరక్కపోతే పెళ్ళి వాయిదా వేసుకోవడమే" అనేది మా అత్తగారు.

నా పేరు బద్రా. రహ్మూనా పక్కన కూర్చుని బెందిర్ వాయిస్తాను. జల్లెడంత వెడల్పున మేకతోలు బిగించిన డప్పు అది. ఆమె గొంతు గురించి నేను చెబితే అతిగా ఉంటుందంటారు. ఉండనివ్వండి. ఆ గొంతు పక్కన నా చేతులు ఇన్నేళ్ళు ఆడినందుకు నాకు గర్వమే.

పెళ్ళిళ్ళలో మధ్యాహ్నం భోజనాలయ్యాక మగవాళ్ళను వీధిలోకి తరిమి తలుపులు మూసేవాళ్ళు. మా పాటల జట్టు నలుగురం పరుపుల మీద కూర్చునేవాళ్ళం. మొదట ప్రవక్తను, మా ఊరి మహనీయులను కీర్తించేవాళ్ళం. పుదీనా టీ రెండోసారి తిరిగేసరికి అక్క గొంతు మారేది. సాధించే అత్తల మీద, సముద్రం దాటిపోయి కబురు పెట్టని మొగుళ్ళ మీద అప్పటికప్పుడు పాట కట్టేది. ముసలమ్మలు లేచి నడుముకు శాలువా బిగించి ఆడేవాళ్ళు. తీయని గొంతు కాదు ఆమెది. బొగ్గుల మీద కాల్చిన మిరపకాయలా గరుకుగా, ఘాటుగా ఉండేది. వింటే కళ్ళలో నీళ్ళు తిరిగేవి, ఇంకా కావాలనిపించేది.

ఆమెకు పేరు మీద ఆశ ఉండేది. దాన్ని ఎప్పుడూ దాచుకోలేదు.

"ఒసేయ్ బద్రా, నాలుగు గోడల మధ్య పాడీ పాడీ నా గొంతుకు బూజు పడుతోందే. చచ్చేలోపు ఒక్కసారైనా ఊరంతా వినాలి" అనేది.

అవి కాసెట్ల రోజులు. మదీనా జదీదా బజారులో మిలూద్ అని ఒక కాసెట్ల వ్యాపారి ఉండేవాడు. తన చెల్లెలి పెళ్ళిలో మిద్దె మీద నుంచి అక్క పాట విన్నాడు. ఆ వారమే తేనెలో ముంచిన మిఠాయి పొట్లం పట్టుకుని అక్క ఇంటికి వచ్చాడు.

"పిన్నీ, ఇంత గొంతు పెట్టుకుని ఈ గదుల్లో మగ్గిపోతావా? దేశమంతా వినిపిస్తాను, నా మాట నమ్ము" అన్నాడు.

అక్క తన భర్త ఖద్దూర్ వైపు చూసింది. ఆయన రేవులో మూటలు మోసే మనిషి, మాట తక్కువ.

"నీకిష్టమైతే పాడు. నా గురక మాత్రం టేపులో పడకుండా చూసుకో" అన్నాడు ఖద్దూర్ బావ. అందరం నవ్వాం. అలా ఒప్పుకున్నట్టయింది.

కోడిగుడ్ల అట్టలు గోడలకు అంటించిన ఒక కారు షెడ్డులో పాడాం. కొన్ని వారాల తర్వాత నేనూ అక్కా బజారు నుంచి టాక్సీలో వస్తుంటే డ్రైవరు ఒక కాసెట్టు పెట్టాడు. అక్క నా తొడ గిల్లింది. అది ఆమె గొంతు, కింద మోగేది నా డప్పు!

డ్రైవరు శబ్దం పెంచి అద్దంలో మా వైపు చూశాడు.

"విన్నారా పిన్నీ? కొత్తగా వచ్చింది. రహ్మూనా అంట. చూడండి, పిల్ల ఎంత చక్కగా ఉందో!"

ముందు సీటు మీది కాసెట్టు అట్ట తీసి వెనక్కి అందించాడు. దాని మీద జరీ దుస్తులు వేసుకున్న, పెద్ద కళ్ళ, సన్నటి పిల్ల నవ్వుతోంది. కింద 'రహ్మూనా' అని బంగారు రంగు అక్షరాలు.

మా అక్క అప్పటికే ఐదుగురు బిడ్డల తల్లి. మనిషి భారీగా ఉండేది, ముందు పన్ను ఒకటి లేదు. నోరు తెరిచి ఏమంటుందోనని నేను బిక్కచచ్చి కూర్చున్నాను. ఆమె అట్టను అటూ ఇటూ తిప్పి చూసి, "చక్కగానే ఉంది నాయనా, దేవుడు చల్లగా చూడాలి" అని తిరిగి ఇచ్చేసింది.

మర్నాడు మిలూద్ దుకాణానికి వెళ్ళి గట్టిగా అడిగింది. వాడు బెదరలేదు.

"నీ గొంతు కొంటారు పిన్నీ, నీ మొహం ఎవరు కొంటారు చెప్పు? స్టూడియోవాడి దగ్గర ఉన్న బొమ్మ తెచ్చి వేశాను. ఎవరికి నష్టం?"

ఆమెకు కోపం వచ్చిందో, నవ్వు వచ్చిందో నాకు తెలియలేదు. దారిలో మాత్రం, "పోనీలేవే. గొంతు నాదే కదా. మొహం ఎవరిదైతేనేం?" అంది. వినపడాలన్న ఆశ అంత పెద్దది.

వినపడింది. బస్టాండులో, చేపల రేవులో, శనగపిండితో చేసే కరాంతికా అమ్మే బండ్ల దగ్గర ఆ పాటే మోగింది. దాంతోపాటే ఇంకోటి మొదలైంది. పెళ్ళి పిలుపులు తగ్గాయి. ఎప్పటి నుంచో మమ్మల్ని పిలిచే ఒక ఇంటావిడ వాకిట్లోనే ఆపి చెప్పింది:

"ఏమనుకోకు రహ్మూనా. నువ్వు మా లోపలి మనిషివి. ఇప్పుడు కాఫీ కొట్లో మగాళ్ళంతా నీ గొంతు వింటున్నారు. మా వియ్యపురాలు ఒప్పుకోవట్లేదు."

అక్క సొంత తమ్ముడు రాకపోకలు మానేశాడు. ఖద్దూర్ బావ ఒకరోజు చెప్పులు విడుస్తూ, "నువ్వు ఇంట్లో పాడితే కూర్చుని వింటాను. కాఫీ కొట్లో పాడుతుంటే మధ్యలో లేచి రావాల్సొస్తోంది. ఇప్పటికి మూడు కొట్లు మారాను" అన్నాడు. ఆ మాటకు ఆమె వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

అయినా ఆగలేదు. రెండో కాసెట్టుకు మిలూద్ పెద్ద ఎర వేశాడు. అది రాగానే సముద్రం అవతల మార్సెయ్‌లో మనవాళ్ళుండే చోట కచేరీ పెట్టిస్తానన్నాడు. "మరి ఈ మొహంతోనా?" అని అక్క అడిగితే, "హాయిక్ కప్పుకుని పాడు. తెల్లటి ముసుగులో ఎవరున్నారో ఎవడికి తెలుస్తుంది?" అన్నాడు. పాస్‌పోర్టులకు ఫొటోలు తీయించుకున్నాం. నేను ఒక జత కొత్త బూట్లు కూడా కొనుక్కున్నాను.

అప్పుడొచ్చారు ఆ తల్లీకూతుళ్ళు.

ఒకరోజు పొద్దున మేం గోధుమ రవ్వ జల్లిస్తుంటే తలుపు చప్పుడైంది. ఒక పెద్దావిడ, వెనక తల వంచుకుని ఒక పిల్ల. పిల్ల తలెత్తగానే నా చేతిలో జల్లెడ ఆగిపోయింది. కాసెట్టు అట్ట మీది కళ్ళు అవే!

"రహ్మూనా ఎవరు మీలో?" అంది పెద్దావిడ.

"నేనే. రండి, లోపల కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదు. సిదీ బెలబ్బెస్ నుంచి బస్సు పట్టుకుని వచ్చాం. ఇది నా కూతురు నసీరా, కుట్టుపని నేర్పే టీచరు. ఆ ఫొటో వాళ్ళక్క పెళ్ళిలో దిగింది. నీ పాటల మీద దీని మొహం ఎట్లా వచ్చింది? మగాళ్ళ ముందు పాడే పిల్లని వద్దన్నారమ్మా, కుదిరిన సంబంధం వదులుకుని పోయారు! దీనికి పాటే రాదంటే నమ్మేవాడు లేడు."

నసీరా మెల్లగా అంది: "బడికి పోతుంటే బస్సులో నన్ను చూసి మీ పాట ఎత్తుకుంటున్నారు పిన్నీ. మీరు బాగా పాడతారు. అది నేను కాదని ఒక్కరికి చెప్పండి చాలు."

ఏ తిట్టుకైనా పాటలోనే జవాబు చెప్పే మా అక్క ఆ పూట జల్లెడ పక్కన పెట్టి లేచింది. వాళ్ళను బతిమాలి కూర్చోబెట్టింది, కాఫీ ఇచ్చింది. ముందు మిలూద్ దుకాణానికే వెళ్ళామనీ, వాడు భుజాలెగరేసి పంపేశాడనీ తల్లి చెప్పింది. వెళ్ళేటప్పుడు అక్క నసీరా తల మీద చెయ్యి పెట్టింది.

"ఒక్కరికి కాదు తల్లీ, అందరికీ చెబుతాను."

వాళ్ళు గుమ్మం దాటగానే నేనన్నాను: "అక్కా, మార్సెయ్ అయ్యాక చెబుదువుగానీ. ఇప్పుడు మిలూద్‌తో పెట్టుకుంటే అంతా పోతుంది."

"అప్పటిదాకా ఆ పిల్ల బస్సెక్కకుండా ఉంటుందా? మొహం ఎవరిదైతేనేం అన్నాను చూడు, ఇదిగో, ఈ పిల్లది."

రెండో కాసెట్టు రికార్డింగు శుక్రవారం పెట్టాడు మిలూద్. నమాజు వేళకు మసీదుకు బయల్దేరుతూ, "టేపు తిరుగుతూ ఉంటుంది, చివరి పాట మీరే కానివ్వండి" అని వెళ్ళాడు. తలుపు పడగానే అక్క నా వైపు తిరిగింది. "నెమ్మదిగా పట్టవే. ప్రతి మాటా వినపడాలి" అని గొంతెత్తింది:

*అట్ట మీద నవ్వే పిల్ల నేను కాదు అన్నలారా,*
*బెలబ్బెస్ బంగారు తల్లి, పాటే రాదు అన్నలారా!*
*పాడేదేమో రహ్మూనా, హమ్రీలో సెత్తమ్మ కూతురు,*
*వాకిట్లో పట్టదు నడుము, వంటింట్లో ఐదుగురు!*
*పన్ను ఊడిపోయిందయ్యా, పాట ఊడలేదు చూడు,*
*బొమ్మ దొంగ మిలూదు గాడు, బోణీకైనా నోచుకోడు!*

నవ్వాపుకోలేక నా డప్పు ఒక చోట తప్పింది. ఆ తప్పు కాసెట్టులో ఇప్పటికీ ఉంది. తిరిగొచ్చిన మిలూద్ మొదటి పాట కాస్త విని, "అద్భుతం పిన్నీ!" అని టేపును కాపీలకు పంపేశాడు.

కాసెట్లు ఊళ్ళన్నీ చేరాక గానీ వాడికి విషయం తెలియలేదు. బెలబ్బెస్ బస్టాండులో జనం గుమిగూడి చివరి పాటే మళ్ళీ మళ్ళీ పెట్టించుకున్నారట. మా బజారులో పిల్లలు మిలూద్ దుకాణం ముందు నిలబడి 'బొమ్మ దొంగ' అని పాడారు. వాడు రొప్పుతూ అక్క ఇంటికి వచ్చాడు.

"నా కొంప ముంచావు కదా! మార్సెయ్ లేదు, ఏమీ లేదు. ఇంక ఏ కాసెట్టువాడూ నిన్ను గడప తొక్కనివ్వడు!"

"టీ తాగి వెళ్ళు నాయనా, ఎండలో వచ్చావు" అంది అక్క.

మిలూద్ బెదిరించినట్టే చేశాడు. బజారులో ఒక్కరూ ఆమెతో మళ్ళీ రికార్డు చేయలేదు. ఉన్న కాసెట్లకు మాత్రం గులాబీ పువ్వు బొమ్మ వేసి అమ్ముకున్నాడు. అది చూసి అక్క, "ఇది నయం. గులాబీకి సంబంధాలు చెడిపోవు" అంది. మార్సెయ్ ఆమె చూడలేదు, నేనూ చూడలేదు. ఆ రాత్రి నాకు ఏడుపొచ్చింది. ఆమెకు రాలేదా అంటే, వచ్చిందనే అనుకుంటాను. అడగలేదు.

తమ్ముడు తిరిగి రాలేదు. కొన్ని ఇళ్ళు మమ్మల్ని ఆ తర్వాత ఎప్పుడూ పిలవలేదు. కొన్ని పిలిచాయి. ఆ పన్ను ఊడిన పాట తమ ముందు పాడాలని ముసలమ్మలు పట్టుబట్టారని విన్నాం. నసీరాను వదిలిపోయిన వాళ్ళు మళ్ళీ కబురు పెడితే, ఆమె తల్లి వాకిట్లో నుంచే సాగనంపిందట. ఆ పై ఏడాది వాళ్ళ ఊళ్ళోనే ఒక బడిపంతులితో పెళ్ళి కుదిరింది. తల్లే స్వయంగా మా ఇంటికి వచ్చి, "పాడేది నువ్వేనమ్మా, ఇంకొకరిని పిలవను" అంది.

బెలబ్బెస్‌లో ఆ మధ్యాహ్నం పెళ్ళికూతురు జరీ దుస్తుల్లో పీట మీద కూర్చుంది. మా అక్క ఎదురుగా పరుపు మీద కూర్చుని పాడింది. గది నిండా ఆడవాళ్ళు ఒకసారి ఆ మొహాన్ని, ఒకసారి ఈ నోటిని చూసుకుంటూ చప్పట్లు కొట్టారు. నేను చాలా పెళ్ళిళ్ళలో వాయించాను. అంత బాగా ఆమె పాడగా వినలేదు.

ఇప్పుడు ఆమెకు మోకాళ్ళు పట్టేశాయి. ఇద్దరు మనవరాళ్ళు పట్టుకుంటే గానీ పరుపు మీద కూర్చోలేదు. పెద్ద పాట మధ్యలో ఊపిరి అందదు. అక్కడ నేను బెందిర్ మీద రెండు మూడు దెబ్బలు ఎక్కువ వేస్తాను, ఆమె ఊపిరి తీసుకుంటుంది. అది కొత్త రకం వాయింపు అనుకుని కుర్రపిల్లలు నేర్పమని నా వెంట పడుతున్నారు. నేర్పుతున్నాను. ఎందుకు వేస్తానో మాత్రం చెప్పలేదు.