నాలుగు పసుపు మూతులు

సంఘం ముందు పరువు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఊరి ముందు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. రెండింటి ముందూ ఒకే పూట, అదీ నాలుగు కుక్కల చేత పోగొట్టుకున్నవాణ్ని నేనొక్కణ్నే. మొహమాటపడకుండా నవ్వండి. మా సంఘం ఎప్పుడో నవ్వేసింది, మీ వాటా మిగిలే ఉంది.

మాది ఆర్మూర్. మా క్రైస్తవ మందిరం పక్కనే పసుపు ఆరబోసే కల్లం. ఎండలు ముదిరే వేళకు అక్కడ ఉడికించిన పసుపు కుప్పలు కుప్పలుగా ఎండుతుంటుంది. ఆ రోజుల్లో తెల్లచొక్కాతో ఆరాధనకు వచ్చినవాడు నలుగు పెట్టించుకున్న పెళ్లికొడుకులా ఇంటికి వెళ్తాడు.

మందిరం ఆవరణలో నాలుగు కుక్కలుండేవి. వాటిని ఎవరూ పెంచలేదు, ఆరాధనయ్యాక అందరం కలిసి తినే ప్రేమ విందుల్లో మిగిలిన ఎముకలు పెంచాయి. ఒక విందు రోజున పాస్టరయ్య భోజనానికి ముందు ప్రార్థన ఎత్తుకున్నాడు. పాస్టరయ్య ప్రార్థన అంటే పిల్లలు ఒక తరగతి పైకి వెళ్లేంత పొడుగు. అందరం కళ్లు మూసుకున్నాం. సింగం అనే పెద్ద కుక్క మాత్రం మూసుకోలేదు. ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి, రెండో వాయి వండడానికి వేలాడదీసిన మేక తొడ లేదు.

"ఇగ చాలు!" అన్నాడు ఇస్సాక్ తాత. ఆయన మా సంఘ పెద్ద, పెద్ద పసుపు రైతు. "రేపే నా ట్రాలీల ఏస్కపోయి ఏర్గట్ల ఊర్ల మా బామ్మర్ది చేన్ల ఇడిచిపెట్టొస్త."

నాకప్పుడు ఇరవై దాటాయి. ఆదివారపు బడిలో పిల్లలకు పాఠాలు చెప్పేవాణ్ని కాబట్టి, లోకంలో నాకు తెలియనిది లేదని గట్టి నమ్మకం. ఆ మధ్యే ఫోన్లో ఫ్లైబాల్ అనే కుక్కల పందెం చూసి ఉన్నాను.

"తాతా, జర ఆగు. ఇవి మామూలు కుక్కలు కావు."

"అవ్ మల్ల. మామూలు కుక్క తునక ఎత్కపోతది. గిది తొడనే ఎత్కపోయె."

"నిజామాబాద్ నుంచి కుక్కలోళ్లు వస్తున్నరు తాతా. గీ కల్లంలనే పందెం పెడ్తరట. మంచిగ ఉరికిన కుక్కలకు పతకాలేసి సన్మానం చేస్తరట. మనయి గెలిస్తే?"

"గెలిస్తే ఈడనే ఉంటయ్. ఓడితే ఏర్గట్ల. గంతే."

పందెం సంగతి తెలియనివారికి రెండు ముక్కలు. వరుసగా నాలుగు అడ్డుకర్రలు ఉంటాయి. కుక్క వాటిని దూకుతూ పోయి, చివర ఉన్న పెట్టె పలకను కాళ్లతో తన్నాలి. స్ప్రింగు దెబ్బకు బంతి ఎగురుతుంది. దాన్ని నోట పట్టుకుని, మళ్లీ అవే కర్రలు దూకుతూ వెనక్కి రావాలి. అది గీత దాటాక రెండో కుక్క పోవాలి. నాలుగు కుక్కలూ ఏ జట్టువి ముందు ముగిస్తే ఆ జట్టు గెలిచినట్టు. ఇంకొక్కటి. కర్రల ఎత్తు జట్టులో అందరికన్నా పొట్టి కుక్కను బట్టి పెడతారు.

ఈ చివరి మాట చదివినప్పుడు నేను మందిరంలోనే గట్టిగా స్తోత్రం అన్నాను. ఎందుకంటే మా జట్టులో కొమ్ము ఉంది. పసుపు కొమ్ములాగే పొట్టిగా, వంకరగా, పచ్చగా ఉండేది. పిల్లలు దాన్ని చూసి నవ్వేవాళ్లు. చిన్నవాళ్లను తక్కువగా చూడొద్దని నేనే వాళ్లకు ఎన్నో ఆదివారాలు చెప్పాను, చెబుతూ నేనూ లోపల నవ్వుకున్నాను. ఆ పొట్టిదాని పుణ్యమా అని మిగతా ముగ్గురికీ కర్రలు కిందికి దిగాయి. సింగానికైతే అవి కర్రలే కావు, గడపలు.

ఇక వాటి గొప్పతనం చెప్పకపోతే నాకు అన్నం సయించదు. రాకెట్ అనే నల్లకుక్క పరుగు మొదలుపెడితే దాని నీడ వెనకే ఉండిపోయేది. రాణి పెట్టె దగ్గర తిరిగే తీరు చూస్తే, మలుపులో ఒరిగే బస్సు డ్రైవర్లు వచ్చి నేర్చుకోవాలి. పెట్టెను మా వెల్డింగు షాపులో పాత బండి సీటు స్ప్రింగుతో చేయించాను. మొదటిసారి తన్నితే బంతి వచ్చి పాస్టరయ్య టీ గ్లాసులో పడింది. కుక్కలు బెదరలేదు, పాస్టరయ్య బెదిరాడు.

చిక్కల్లా బంతులతోనే. కొన్న టెన్నిస్ బంతులన్నింటినీ సింగం నమిలి బొచ్చు ఊడదీసింది. అప్పుడు నాకొక దివ్యమైన ఆలోచన వచ్చింది. దివ్యమైనది అని అప్పుడు అనుకున్నాను. పక్కనే కల్లం నిండా గోళలున్నాయి కదా! పసుపులో కొమ్ములు కాక గుండ్రంగా వచ్చే గడ్డలను మేం గోళలంటాం. ఎండితే రాయిలా గట్టి, నిమ్మకాయంత సైజు, నమిలితే చేదు. కుక్కలు నా వెంటే రాగా, కుప్ప అంచున దొర్లినవి నాలుగు ఏరుకొచ్చి పెట్టెలో పెట్టాను. ఎవరి కుప్ప అని అడగకండి, కథ అక్కడికే వస్తోంది.

గోళ తెచ్చిన ప్రతిసారీ కార్జం ముక్క. ఆ ముక్కలు వండిచ్చేది మా విందుల వంట చూసుకునే సువార్తమ్మ అత్త.

"కొడుకా, పందెం నాడు బంతి పెడ్తరా, పసుపు పెడ్తరా?" అని ఆమె ఒకసారి అడిగింది కూడా.

"రెండూ గుండ్రంగనే ఉంటయ్ గదత్తా. కుక్కకేం ఎర్క?"

గమనించండి, ఈ మాట అన్నది ఆదివారపు బడి టీచరు.

పందెం ముందటి ఆదివారం, దేవుడు చేసిన మేలును లేచి చెప్పుకునే సాక్ష్యాల వేళ వచ్చింది. మాలో ఒక అలవాటుంది. నమ్మినదాన్ని దొరికినట్టే ఎంచి ముందుగా స్తుతిస్తాం. నేను లేచి, గొంతు సవరించుకుని, "మన కుక్కలు గెలిచినందుకు ప్రభువుకు స్తోత్రం" అన్నాను. గెలుస్తాయి అని కాదు, గెలిచాయి అనే. అంతటితో ఆగానా? పతకాలు ఎలా మెరిశాయో వర్ణించాను. అటువాళ్లు తలదించుకుని బండెక్కారని కూడా చెప్పాను. సంఘమంతా హల్లెలూయ అంది. ఇస్సాక్ తాత ఒక్కడే కళ్లద్దాలు తుడుచుకుంటూ, "అయితే నేను ట్రాలీ కడిగి పెడ్త" అన్నాడు.

పందెం రోజు సంఘం సంఘమంతా వచ్చింది. నిజామాబాద్ కుక్కలు నీలం కోట్లు వేసుకుని, ఇంటర్వ్యూకు వచ్చినట్టు వరుసగా కూర్చున్నాయి. వాటి యజమాని ప్రణయ్ అనే మర్యాదస్తుడు మా కొమ్మును చూసి, "అన్నా, గిది కూడా ఉరుకుతదా?" అన్నాడు.

"ఉరుకుతది కాదు తమ్మీ, ఎగురుతది."

మూడు పందేల్లో రెండు గెలిచినవాళ్లదే గెలుపు. ఈల పడింది.

రాకెట్ బాణంలా పోయింది. పెట్టెను తన్నింది. కొత్త టెన్నిస్ బంతి ఎగిరింది. రాకెట్ దాన్ని గాల్లోనే చక్కగా పట్టింది. పట్టి, వాసన చూసి, నావైపు ఒకసారి చూసింది. ఆ చూపును మీకు తెలుగులో చెప్పాలంటే: "సుధాకరూ, ఇది తప్పుడు మాల్." బంతిని ఊసేసి, వరుస పక్కన ఉన్న గోళల కుప్ప దగ్గరికి పరుగెత్తి, గోళ నోట కరుచుకుని, బుద్ధిగా కర్రలన్నీ దూకుతూ వచ్చి నా కాళ్ల దగ్గర పెట్టింది.

"బంతి ఏదయ్యా?" అన్నాడు ఈల పట్టుకున్న సారు.

"వస్తది సార్, రెండోది తెస్తది."

రెండోది రాణి. అదీ గోళే తెచ్చింది. సింగం పెద్ద నోరు కాబట్టి రెండు తెచ్చింది. కొమ్ము కుప్పలోకి మెడదాకా దూరి, ఏరి ఏరి, తన తలకాయంత గోళను ఈడ్చుకుంటూ వచ్చింది. నాలుగూ నా ముందు వరుసగా కూర్చుని, పసుపు మూతులు పైకెత్తి, కార్జం కోసం తోకలాడించాయి. నిజామాబాద్ కుక్కలు ఎప్పుడో ముగించి నీళ్లు తాగుతున్నాయి.

సంఘం నవ్విన నవ్వుకు కుప్పల మీది పావురాలు లేచిపోయాయి.

"ట్రాలీ తాళంచెవి నా జేబులనే ఉంది," అన్నాడు ఇస్సాక్ తాత.

నేను కొమ్ము మీద అరిచాను. "ఏందే, పరువు తీస్తివి గద!"

సువార్తమ్మ అత్త చీర కొంగు బిగించి ముందుకొచ్చింది. "దాన్నెందుకు తిడ్తవురా? నువ్వు నేర్పిందే చేసె. నీ ఆదివారపు బడి పిల్లలు గింత మంచిగ ఎన్నడన్న అప్పజెప్పిన్రా?"

దెబ్బ సరిగ్గా తగిలింది. బుర్ర కూడా అప్పుడే పనిచేసింది. నేను ప్రణయ్ దగ్గరికి ఉరికాను.

"తమ్మీ, మా బంతులకు జర పసుపు రాసుకోవచ్చా?"

"రాసుకో అన్నా, కారం మాత్రం రాయకు," అన్నాడు నవ్వుతూ. ఈల సారు కూడా సరేనన్నాడు. అత్త వంటపెట్టెలోంచి పసుపు తీసి బంతులకు దట్టంగా పట్టించింది.

రెండో పందెం గురించి ఏం చెప్పను? మీరు చూసి ఉండాల్సింది. రాకెట్ పోయి వచ్చేసరికి ఈల ఇంకా సారు నోట్లోనే ఉంది. మేమే గెలిచాం.

మూడోదానిలో చివరి పరుగు కొమ్ముది. పక్క వరుసలో నీలం కోటు కుక్క, కొమ్ముకు మూడింతల ఎత్తు. ఇద్దరూ ఒకేసారి బంతి పట్టారు. ఒకేసారి తిరిగారు. రెండో కర్ర దగ్గర కొమ్ము నోటి నుంచి బంతి జారింది. జారి, దొర్లి, సరిగ్గా ఆ గోళల కుప్ప అంచున ఆగింది. ముందు వేల గోళలు, మధ్యలో ఒక్క బంతి. నేను చాలా ప్రసంగాల్లో శోధన గురించి విన్నాను, కళ్లారా చూసింది అప్పుడే. కొమ్ము కుప్పను చూసింది. బంతిని చూసింది. పక్క వరుసలో నీలం కోటు కూడా వింత చూస్తూ ఆగిపోయింది. ఇస్సాక్ తాత నోట ఒక్క కేక వచ్చింది: "బంతి బిడ్డా, బంతి!"

కొమ్ము బంతే అందుకుంది. ఆ వంకర కాళ్లతో మిగిలిన కర్రలను దూకుతూ, చెవులు వెనక్కి పడిపోగా, నీలం కోటు కంటే ముక్కు పొడుగంత ముందు గీత దాటింది.

ఆ తర్వాత ఎవరు ఎవరిని కౌగిలించుకున్నారో తెలియదు. తాత తువ్వాల గాల్లో తిప్పుతూ కొమ్మును భుజాన ఎక్కించుకున్నాడు. ప్రణయ్ వచ్చి దాని మెడలో పతకం వేసి, "అన్నా, గింత మంచి కుక్కను నేను చూడలే" అన్నాడు. పొంగిన నా ఛాతీని పట్టి ఉంచలేక చొక్కా గుండీలు సతమతమయ్యాయి. చూశారా, నా సాక్ష్యం అక్షరాలా నెరవేరింది అని చెప్పడానికి నోరు తెరిచాను.

"ఒక్కటడుగుత సుధాకరూ," అన్నాడు తాత, కొమ్మును నెమ్మదిగా కిందికి దించుతూ. "గీ కల్లంల గిన్ని కుప్పలున్నయ్. నాలుగు కుక్కలు పోయి పోయి నా కుప్పల్నే మూతి ఎందుకు పెట్టినయ్?"

సంఘమంతా నావైపు తిరిగింది. పాస్టరయ్య కూడా కళ్లు తెరిచే ఉన్నాడు.

"చెప్పు కొడుకా," అంది సువార్తమ్మ అత్త. "సాక్ష్యం చెప్పుడు నీకు అలవాటే గద."

"అంచుకు దొర్లినయే ఏరిన తాతా…"

"దొర్లినయా, కుప్పెక్కి నువ్వు దొర్లిచ్చినవా?"

జవాబు సింగమే చెప్పింది. సరిగ్గా అప్పుడే అది తాత కుప్ప దగ్గరికి పోయి, ఇంకో గోళ తెచ్చి, మర్యాదగా నా చేతిలో పెట్టింది.

తాత ట్రాలీ తాళంచెవి తీశాడు. "మాటంటే మాటే. కుక్కలు ఈడనే ఉంటయ్. గవి నిజం చెప్పినయ్. గానీ కడిగిన ట్రాలీ ఖాళీగ పోదు. ఎక్కు. ఏర్గట్ల మా బామ్మర్ది చేన్ల పసుపు తవ్వుడు ఇంక అయిపోలే."

ఎక్కాను. నాలుగు కుక్కలూ మెడలో పతకాలతో రోడ్డు దాకా వచ్చి నన్ను సాగనంపాయి. నడుము వంగేదాకా తవ్వి తిరిగొచ్చేసరికి తాత వాటికి ఆవరణలో రేకుల షెడ్డు వేయించి, అందులో ఫ్యాను కూడా పెట్టించాడు. నా ఆదివారపు బడికి ఒక ఫ్యాను అడిగితే మాత్రం ఇప్పటికీ పెట్టించడు.

కాబట్టి సంఘం ఎదుట, ఊరి ఎదుట, మీ ఎదుట మనస్ఫూర్తిగా ప్రమాణం చేస్తున్నాను. జరగనిదాన్ని జరిగిందని ఇక ఎన్నడూ సాక్ష్యం చెప్పను. కుక్కకేం తెలుసు అనే మాట ఇక నా నోట రాదు. పరాయివాడి కుప్పలోంచి ఒక్క గోళ కూడా ముట్టను. ఒకవేళ చెయ్యి జారి ముట్టినా, కొమ్ము చూస్తుండగా మాత్రం ముట్టను.