వేగు కాగితాలు చదివిన ఉర్దూ సార్

గద్వాల ఉర్దూ సార్ ఇక లేరని పోయిన శుక్రవారం ఆయన కోడలు ఫోన్ చేసి చెప్పింది. "పొద్దుగాల నమాజు చదివి పండుకున్నడు మేడం, మళ్ల లేవలే," అంది. నాగర్‌కర్నూల్లో కాలేజీకి బయల్దేరుతున్న నేను గడపలోనే కూర్చుండిపోయాను.

ఆయన నాకు బడిలో చెప్పిన గురువు కాదు. నిజాం కాలంలో మన ఊళ్ల సంగతులు సర్కారుకు చేరవేసిన వేగుల మీద నేను పరిశోధన చేస్తుండేదాన్ని. హైదరాబాదు నుంచి తెచ్చిన జిరాక్సు కాగితాలన్నీ ఉర్దూలో ఉన్నాయి, నాకేమో ఒక్క అక్షరం రాదు. అప్పటికే రిటైరైన సార్ రోజూ సాయంత్రం వాటిని చదివి తెలుగులో చెప్పేవారు, నేను రాసుకునేదాన్ని. పల్లీల పొట్లం విప్పినా ముందు ఆ పొట్లం కాగితం చదివేవారు, పల్లీలు తర్వాత. అర్థం కాని మాటను ఊహించి చెప్పడం మాత్రం ఆయన వల్ల అయ్యేది కాదు. "తెల్వదు అని రాస్కో బిడ్డా. అది గూడ జవాబే," అనేవారు.

నేను తెచ్చిన కాగితాల్లో గద్వాల దగ్గరి అయిజ ఊరి నుంచి వెళ్లిన ఖబర్లు, అంటే వేగు రాసి పంపిన సమాచారాలు, కొన్ని ఉన్నాయి. కింద పేరు లేదు, "సొంత చేత్తో రాసినది" అన్న మాట మాత్రం ఉంది. వాటివల్ల ముగ్గురు రైతులు జైలుకు పోయారు. రాసింది ఊళ్లోని దర్జీయేనని అప్పట్లోనే పేరు పడింది. దర్జీ పోయి ఎన్నో ఏళ్లయినా, చాయ్ హోటల్ నడిపే ఆయన కూతురిని "ఖబర్లోని బిడ్డ", అంటే వేగువాడి కూతురు, అనే పిలిచేవారు. వీధివాళ్లు ఆమె దగ్గర చాయ్ తాగేవారు కాదు. ఆమె నా పని గురించి విని, ఆ ఏళ్లలోనే తండ్రి రాయచూరులోని తన అన్నకు రాసిన ఉర్దూ ఉత్తరాల కట్టను ఆ పెదనాయన ఇంటి నుంచి తెచ్చిచ్చింది.

"మా నాయన గట్ల చేసిండా, చేయలేదా? ఏదైనా సరే, చెప్పుండ్రి," అంది.

సార్ ఆ ఉత్తరాలనూ తెలుగులో చెప్పారు. నేను ఖబర్ల తెలుగునూ, ఉత్తరాల తెలుగునూ ఇంటర్నెట్ సెంటర్లో కంప్యూటర్‌కెక్కించి, ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్క తీశాను. రెండూ అచ్చంగా కలిశాయి. పరుగున వెళ్లి, "ఆయనే సార్," అన్నాను.

సార్ నా లెక్క చూసి చాలాసేపు నవ్వారు. "నువ్వు దొరకబట్టిన వేగు నేనే బిడ్డా! రెండింట్ల ఉన్నవి నా మాటలే గద. తెలుగు చేసింది ఎవరు?"

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ ఒక్క మాట అయిజ చేరి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

మర్నాటి నుంచి అసలు ఉర్దూ కాగితాల మీదే కూర్చున్నాం. ఉర్దూలో ఖాఫ్, ఖే అని రెండు అక్షరాలు. మన దిక్కు రెండింటినీ ఒకేలా పలుకుతారు. దర్జీ పలికినట్టే రాసేవాడు, ఖాఫ్ ఉండాల్సిన చోటల్లా ఖే పెట్టేవాడు. ఖబర్లలో ఆ తప్పు ఒక్కటీ లేదు. సార్ ప్రతి పేజీ రెండుసార్లు చదివి గుర్తులు పెడితే, నేను లెక్కపెట్టాను. అలా నెల పట్టింది.

"దస్తూరి మార్చి రాయొచ్చు. తెల్వని అక్షరం యాడికెల్లి తెస్తడు?" అన్నారు సార్.

ఇద్దరం బస్సెక్కి అయిజ పోయాం. హోటల్ ముందు నలుగురూ వినేలా సార్ ఆమెకు చెప్పారు. "అమ్మా, గా ఖబర్లు మీ నాయన రాసినవి గావు."

"మరి ఎవరు రాసిండ్రు?" అన్నారెవరో.

"తెల్వదు. ఇంకో ఇంటి మీద పేరు పెట్టేటందుకు చదవలే నేను."

ఆమె ఏడవలేదు. కొంగుతో బల్ల తుడిచింది, తుడిచిన చోటే మళ్లీ తుడిచింది. జైలుకు పోయిన రైతుల్లో ఒకరి తమ్ముడు ఎదురింట్లోనే ఉండేవాడు. ఆ ముసలాయన కర్ర పట్టుకుని మెల్లగా రోడ్డు దాటి వచ్చాడు. "ఒక చాయ్ పొయ్యి చెల్లె," అన్నాడు.

సార్ బల్ల మీద పక్కకు జరిగి ఆయనకు చోటిచ్చారు.