ఓట్ల వరుసలో గంగమ్మ జ్యోతి

నేను చెట్టుకు మొక్కుతాను, పుట్టకు మొక్కుతాను, ఎండాకాలం కుళాయిలో నీళ్లొస్తే దానికీ మొక్కుతాను. నాలాంటి వాళ్లు అమెరికాలోనూ ఉన్నారట. ఫోనులో ఒకామె పెద్ద మానును కావలించుకుని, తన పండగలకు సర్కారు సెలవివ్వదనీ, ఓట్ల రోజుకూ ఇవ్వదనీ వాపోతోంది. పాపం! మాకు మొన్న ఆ రెండూ ఒకే రోజు వచ్చి, సెలవు మాత్రం ఒకటే దక్కింది.

మాది జమ్మలమడుగు నుంచి పెద్దముడియం పోయే దారిలో ఒక ఊరు. నేను ప్రొద్దుటూరులో బట్టల అంగట్లో చీరలు పరుస్తాను. ఇంతవరకూ పరిచినవన్నీ ముడివేస్తే చంద్రుడికి చుట్టబెట్టి, ఇంకా కొంగు మిగులుతుంది.

ఈ ఏడు మా అక్క చేలో బోరు పడింది. అంతకుముందు వేసిన బోర్లు నెత్తిన పొడుస్తున్నాయని పాతాళంలో వాళ్లు మొరపెట్టుకునే ఉంటారు. ఈసారి నీళ్లు పడితే గంగమ్మ పండగనాడు జ్యోతి మోస్తాననీ, మోసేదాకా ఆ బోరుకు మోటారు వేయమనీ, చుక్క ముట్టమనీ అక్క మొక్కుకుంది. పడ్డాయి. ఇల్లరికం వచ్చిన మా బావది పులివెందుల. ఆ సంబరంలో అక్కడి నుంచి చీనీ మొక్కలు, అదే బత్తాయి, తెచ్చి నాటేశాడు. బోరు పక్కనే ఉన్నా, ఊళ్లోంచి బిందెలతో నీళ్లు మోసి వాటి ప్రాణం నిలబెట్టాడు. పండగనాటికి ఆకులు అప్పడాల్లా అయ్యాయి. ఆ రోజు దాటితే అవి పొయ్యిలోకే.

జ్యోతంటే బియ్యప్పిండి ముద్దలో నేతి వత్తి. తలకెత్తుకున్నాక తప్పెట మోగితేనే అడుగు వేయాలి. మోత లేని నడక అమ్మకు చేరదు. గంగమ్మ రాయేమో బడి ఆవరణలో, వరండా ముందర ఉంది. ఆ బడే పోలింగు బూతు. తప్పెట కూడదు, గుంపు కూడదు.

"తప్పెట లేకుండా పోరాదా?" అన్నాడు బావ.

"పెండ్లికి మేళం లేకుండా వచ్చినావా నువ్వు?" అంది అక్క.

పొద్దున్నే జ్యోతిని పళ్లెంలో తెచ్చి, గేటు దగ్గర తలకెత్తుకుని ఆడవాళ్ల వరుసలో నిలబడింది. ముందున్నవాళ్లు కదిలారు. అక్క కదలలేదు. మధ్యలో ఎద్దులబండి తిరిగేంత ఖాళీ.

"నడువుమ్మే, ఎండకు మాడిపోతాండాం!" వెనక నుంచి ఒకామె అరిచింది.

"తప్పెట లేందే యాడికి నడిచేది?"

పక్కన మగవాళ్ల వరుసలో నా గుండె తప్పెట కన్నా గట్టిగా మోగుతోంది గానీ, అది లెక్కలోకి రాదు. అంతలో లోపల ఎవరో ఓటు నొక్కారు. మిషను బీ...ప్ మంది. అక్క ఒక అడుగు వేసింది.

"అదేందక్కా?" అన్నాను.

"మోతే కదరా! అమ్మ పిలుస్తాంది."

అంతే. బీప్‌కు ఒక అడుగు. నత్తలు సైతం మమ్మల్ని చూసి నవ్వుకునేంత వేగంతో జ్యోతి బయలుదేరింది. కోస్తా నుంచి డ్యూటీకొచ్చిన ఆఫీసరు పరుగున వచ్చాడు.

"ఇది ఊరేగింపు కదమ్మా?"

"వరుస నాయనా. ఊరేగింపు ఇంత నిదానంగా పోతాదా?"

దీపం ఎవరి గుర్తూ కాదని గోడ మీది కాగితంలో రెండు మాట్లు చూసుకుని, "మంట జాగ్రత్తండీ" అంటూ లోపలికెళ్లాడు.

రాయి ఇంకొక్క అడుగు దూరంలో ఉందనగా మిషను మూగబోయింది. ఒక తాత లోపలికి పోయి, దేశం భారమంతా తనదేనన్నట్టు ఆలోచిస్తున్నాడు. నెయ్యి అయిపోవచ్చింది. మంట ఆవగింజంత అయింది.

"తాతా, బిన్నా నొక్కప్పా! జ్యోతి కొండెక్కుతాది!" ఆడవాళ్లంతా ఒక్క గొంతుతో అరిచారు.

"ఎవరికని చెప్పకండమ్మా!" ఆఫీసరు వణికిపోయాడు.

"ఎవురికైతే మాకేంది సార్, మోత రావల్ల!"

బీ...ప్.

అక్క ఆఖరి అడుగు వేసి, రాయి ముందు జ్యోతి దించింది. వెలుగుతూనే ఉంది. వరుస మొత్తం చేతులెత్తి మొక్కింది. కాపలా పోలీసు కూడా ఎత్తి, ఎవరైనా చూశారేమోనని తల గోక్కున్నాడు. అక్క ఓటు వేసి, హద్దు గీత దాటి టీ కొట్టు దాకా ఉరికి, అక్కడ ఉంచిన ఫోను అందుకుని బావకు చేసింది.

"మోటారు ఎయ్యి!"

సాయంత్రం బావ ఓటుకు వచ్చాడు. రెండు చేతులూ మోచేతుల దాకా నల్లరేగడి బురద. సిరా పెట్టడానికి గోరు ఎక్కడుందో తెలియక, ఆఫీసరు చేతులు కడుక్కుని రమ్మన్నాడు.

"దానికేం సార్," అన్నాడు బావ, మీసం నిండా నవ్వుతూ, "మాకు నీళ్లు శానా ఉండాయి!"